కరువులో కాలువ త్రవ్వించిన క్లౌ దొర

మన హగరి తీరం మొదలుకొని బళ్ళారి సీమ అంతటినీ 1876-78 నాటి ధాత కరువు కాల్చివేసింది. అప్పట్లో బళ్ళారి, ఒంగోలు రెండూ మద్రాసు రాజధానిలోనివే. ఆ కరువు ఒంగోలునూ విడువలేదు. అక్కడ ఆర్తులకు అండగా నిలిచినవారు జాన్ ఎవరెట్ క్లౌ.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూముల సర్వే పని చేశారు. ఆ విద్య ఇంత దూరదేశంలో ఆకలి తీర్చడానికి అక్కరకు వస్తుందని ఎవరూహించగలరు! 1866లో బాప్టిస్టు మిషను పక్షాన ఒంగోలు చేరి, మాదిగపల్లెలలో బోధ సాగించారు.

కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్వకం చేపట్టింది. అక్కడికి వెళ్ళిన పేదలకు తిట్లు, దౌర్జన్యం తప్పలేదు. అది చూచి క్లౌ మూడున్నర మైళ్ల పనిని తామే గుత్తకు తీసుకొన్నారు. తమ బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వచ్చిన వేలాదిమందికి పని చూపి, న్యాయమైన కూలి ఇప్పించారు.

ఆ కాలంలో బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నారు. అయినను క్లౌ దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వనీయలేదు. కూటికొరకు మతం పుచ్చుకొనరాదని ఆయన పట్టుదల. కరువుకూటి మతమని ఆక్షేపించినవారు ఈ సంగతి గమనింపలేదనే చెప్పాలి. సహాయం ముగిసి, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పి పంపినా జనం మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు.

క్లౌ 1910లో స్వదేశంలో కన్నుమూశారు.