ఎకానమో - నిద్ర నెలవు నెఱిగిన వైద్యుడు

పగలెల్ల పాటుపడినవాడు రాత్రి ఆదమఱచి నిద్రించును. కావున అలసటయే నిద్రకు కారణమని లోకులు తలంతురు. పండితులు సైతము చిరకాలము నిద్రను మెలకువ లేకుండుటగానే యెంచిరి. మెదడులో నిద్రకును మెలకువకును వేర్వేఱు నెలవులు కలవని రోగులను శోధించి చూపినవాడు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకానమో.

ఈతడు 1876లో రుమేనియా దేశమునందలి బ్రయీలా పట్టణమున జన్మించెను. తలిదండ్రులు గ్రీకులు, భాగ్యవంతులు. బాల్యము నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని ట్రియెస్ట్ రేవుపట్టణమున గడచెను. తండ్రి కోరికపై వియన్నాలో యంత్రశాస్త్రము చదువ నారంభించి, రెండేండ్ల పిదప దానిని విడిచి వైద్యమున జేరి, 1901లో పట్టభద్రుడయ్యెను. విమానములు పుట్టిన క్రొత్తలోనే వానిని నడుప నేర్చి, ఆస్ట్రియా విమాన సంఘమునకు చాల యేండ్లు అధ్యక్షుడుగా నుండెను. మొదటి ప్రపంచయుద్ధమున వైమానికుడుగా పనిచేయుచుండగా సోదరుడు యుద్ధమున మరణించెను. తలిదండ్రుల కోరికపై ఎకానమో 1916లో వియన్నాకు మరలివచ్చి, గాయపడిన సైనికులకు వైద్యము చేయసాగెను.

ఆ చలికాలముననే ఆసుపత్రికి వింత రోగులు రాజొచ్చిరి. కొందఱు అన్నము నమలుచునే నిద్రపోవువారు. తట్టి లేపిన లేచి, అడిగినదానికి తెలివిగానే బదులు చెప్పి, మరల నిద్రలో మునుగుదురు. కనుఱెప్పలు వ్రాలియుండును. ఆ నిద్రలోనే కన్నుమూసినవా రనేకులు. మఱికొందఱి స్థితి దీనికి విపరీతము: రాత్రియెల్ల కునుకు పట్టదు, కాలుసేతులు నిలుకడగా నుండవు. ఇది యెఱిగిన వ్యాధులలో దేనికిని చెందదని గ్రహించి, 1917లో ఎకానమో దానిని లోకమునకు దెలిపెను. ఆఫ్రికాలో ఈగకాటుచే గలుగు నిద్రావ్యాధి వేఱు, ఇది వేఱు. పదేండ్లలో ఇది అనేక దేశములకు ప్రాకి లక్షలాది జనులను పీడించెను. దీనికి మూలమేదో నేటికిని నిర్ధారణ కాలేదు.

మరణించినవారి మెదళ్లను ఆయన పలుచని పొరలుగా గోసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నిద్రలో మునిగినవారికి హైపోథలామస్ వెనుకభాగమును, అది మెదడు కాండపు పైకొసను గలియు చోటును చెడియుండెను. నిద్రపట్టనివారికి హైపోథలామస్ ముందుభాగమున చెఱుపు కనబడెను. ఱెప్పను లేపు నాడి పుట్టుచోటు ఆ వెనుకటి నెలవు చెంతనే కలదు. రోగుల ఱెప్పలు వ్రాలుటకు హేతు వదియే. వెనుకనున్నది మెలకువను నిలుపుననియు, ముందున్నది నిద్రను దెచ్చుననియు ఆయన నిర్ణయించెను. బ్రతికియున్న మనుష్యుని మెదడులో అంత చిన్నచోట కత్తిపెట్టి చూడ నే వైద్యుడును సాహసింపడు. ఆ పని వ్యాధియే చేసెను. దాని జాడను చదువ గలిగినవా డాయన.

1931లో వియన్నాలో ఆయన యాజమాన్యమున మెదడు పరిశోధనశాల తెఱవబడెను. ఆ యేటనే, అక్టోబరులో, గుండెజబ్బుచే మరణించెను. అప్పటి కాయన వయస్సు 55 ఏండ్లే.

ఆయన నిర్ణయమును జంతువులపై పరీక్షించినవారు తరువాతి శాస్త్రజ్ఞులు. 1946లో నౌటా ఎలుకల హైపోథలామస్ ముందుభాగమును ఛేదింపగా అవి నిద్ర మఱచెను. వెనుకభాగమును ఛేదింపగా నిద్రలో మునిగెను. 1959లో ఫ్రాన్సునందలి లియోన్ నగరమున మిషెల్ జువే పిల్లులను పరీక్షించి, కలల నిద్రను నడుపు నెలవు మఱింత క్రిందుగా, మెదడు కాండములోని పాన్స్ అను భాగమున గలదని చూపెను. ఆ నిద్రలో కన్నులు వడిగా కదలును గాని, శరీరము సడలి కదలక యుండును. కండరముల నట్లు కట్టివేయు చిన్నభాగ మొకటి పాన్స్‌లోనే కలదు. దానిని చెఱుపగా ఆ పిల్లులు నిద్రలోనే లేచి, ఎదుట లేని ఎరపై దుమికెడివి.