ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు

విద్యార్థులకు వేతనము లొసగు దాతలు తమ ధనము ఫలించినదా యని విచారించుట సహజము. పండితుని కృషిని ఎట్లు కొలువవలెనను ప్రశ్నయు నట్టిదే. ఎన్ని వ్యాసములు వ్రాసెను, వానిని ఎందఱు తమ వ్రాతలలో పేర్కొనిరి అని నేడు లెక్కలు గట్టుచున్నారు. ఆ లెక్కకు సులభముగా లొంగని యొక రసాయన శాస్త్రజ్ఞుని చరిత్రమును సభ్యమహాశయులకు మేము విన్నవించుచున్నాము.

శేషాద్రిగారు 1900 సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన తిరుచిరాపల్లి జిల్లా కుళిత్తలైలో జన్మించిరి. తండ్రిగారు ఉపాధ్యాయులు. మదరాసులో చదువునపుడు రామకృష్ణ మిషనువారి ఆదరణ వీరికి లభించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, పిమ్మట మాంచెస్టరునకు పోయి, రాబర్ట్ రాబిన్సన్ గారి కడ పరిశోధన చేసి, 1929లో డాక్టరు పట్టము నందిరి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ప్రెగల్ గారి కడ, కొలది మిల్లీగ్రాముల పదార్థముతోనే సేంద్రియ ద్రవ్యములను విశ్లేషించు సూక్ష్మవిధానమును నేర్చిరి. పువ్వురేకులనుండి చిటికెడు రంగు తీసి దానితో పనిచేయవలసిన వానికి ఇంతకంటె నక్కఱకువచ్చు విద్య వేఱొకటి లేదని మా తలంపు.

1933లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖకు అధిపతులై వచ్చి, 1937లో ఆచార్యులైరి. ఇచ్చట వీరు చేపట్టిన వస్తువులు ప్రత్తిపూలు, గోగుపూలు. గోగాకు పచ్చడిని మెచ్చుకొనువారమే గాని దాని పువ్వువంక చూచినవారము మనలో నెందఱము? ఆ పూల పసుపువన్నెకు కారణమైన ద్రవ్యములను వేఱుచేసి, వాని అణువుల నిర్మాణమును వీరును వీరి శిష్యులును నిర్ణయించిరి. హైబిసెటిన్ అనునది ఎఱ్ఱగోగు పూలనుండి లభించినదే. ప్రత్తిపూలలోని గాసిపిట్రిన్, గాసిపిన్ అనువానియందు చక్కెరభాగము ఏ స్థానమున అతుకుకొని యున్నదో తేల్చిరి.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఈ వర్ణద్రవ్యముల అణువులలోని వలయములకు ప్రాణవాయువును చేర్చుటకు క్షారద్రావణమున పర్‌సల్ఫేటును ప్రయోగించు విధానమును వీరు విరివిగా నడిపిరి. సులభముగా దొరకు రంగునుండి అరుదైన రంగును ప్రయోగశాలలోనే చేయుటకు దీనివలన వీలుకలిగెను. మొక్కయు నిట్లే మెట్టుమెట్టుగా ప్రాణవాయువును చేర్చుకొనుచు తన రంగులను కూర్చుకొనునని వీరు వాదించిరి.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపాను విమానములు బాంబులు వేసెను. యుద్ధకారణమున విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. ఎరవు గదులలో కూడ పని నిలువలేదు. గోగుపూలనుగూర్చిన వ్యాసములు కొన్ని ఆ యేండ్లలోనివే.

వీరును శిష్యులును ప్రకటించిన వ్యాసములు వేయికి మించినవి. సంఖ్యను చూచి మురియుట మాకు సమ్మతము గాదు. అందు ననేకములు ఒక్కొక్క పువ్వునుగూర్చిన కొలదిపుటల వ్రాతలే. కాని వాల్తేరు కాలపు వ్యాసములలో పెక్కింటిని వీరు విదేశములకు పంపక, రామన్ గారు 1934లో బెంగుళూరున స్థాపించిన విజ్ఞానపరిషత్తు పత్రికకే ఇచ్చిరి. దానివలన స్వదేశపత్రిక బలపడినది, పరదేశపాఠకులు తగ్గియుందురు. ఎవరు ఎవరిని పేర్కొనిరో తెలుపు సూచిక అమెరికాలో 1964లో గాని వెలువడలేదు. అదియు మొదట 1961 నాటి వ్యాసములతో నారంభమైనది. అప్పటికి వాల్తేరు కృషి ముగిసి పండ్రెండేండ్లు. మఱియు, ఒక విధానము అందఱి చేతివాటమైన పిదప దానిని నేర్పినవాని పేరు వ్రాయుట మఱతురు.

మారిస్ గ్వయర్ గారి ఆహ్వానముపై 1949లో వీరు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలిరి. లండను రాయల్ సొసైటీవారు 1960లో సభ్యత్వము నిచ్చిరి. 1963లో పద్మభూషణ బిరుదము వచ్చెను. వీరి కడ డాక్టరు పట్టము నందినవారు 150కి పైబడిరి. ఈ శిష్యుల వ్రాతలు ఎవరి లెక్కలో వేయవలెనో లెక్కగట్టువారే చెప్పవలెను.

వార్ధక్యమునను వీరి దృష్టి రంగులను విడువలేదు. కడప, చిత్తూరు అడవులలో పెరుగు ఎఱ్ఱచందనపు మ్రానులోని శాంటలిన్ అను ఎఱ్ఱనివర్ణముయొక్క నిర్మాణముపై వీరి వ్యాసము 1973లో ప్రకటితమైనది. 1975 సెప్టెంబరు 27న పరమపదించిరి.