మన్రో దొర లెక్కల్లో కాడెద్దు

ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో ముసలివాళ్ళను అడిగితే మన్రో దొర పేరు ఎత్తగానే మంత్రాలయం కథ చెబుతారు. మంచాల గ్రామం ఇనాం విచారణకు దొర వచ్చినాడని, బృందావనం ముందర నిలబడి ఎవరికీ కనబడని స్వామితో మాట్లాడినాడని ఆ కథ. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు కూడా వుండేవి. నమ్మేవాళ్ళు నమ్ముతారు, ఆ కథ జోలికి మేము పోవడం లేదు. ఆ దొర మన రైతు దగ్గర ఏం చూశాడు, ఏం తీసుకున్నాడు, ఏం చూడకుండా వదిలేశాడు అన్నదే మేము చెప్పదలచిన సంగతి. పశువు లేని రైతుకు భూమి వుండీ ప్రయోజనం లేదన్న నిజం ఆయన లెక్కల్లోకి వచ్చింది. ఆ సమస్య ఈనాటికీ మన పల్లెల్లో తీరలేదు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టినాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి ఆ వ్యాపారం కూలిపోయింది. కొడుకు బతుకుతెరువు వెతుక్కుంటూ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగినాడు. వచ్చిన ఏడే హైదరాలీతో యుద్ధం. పన్నెండేళ్ళు సిపాయి బతుకే. 1792లో టిప్పుసుల్తాను ఓడి బారామహల్ ప్రాంతాన్ని, అంటే నేటి సేలం, ధర్మపురి వైపు భూముల్ని, కంపెనీకి వదులుకున్నాడు. అక్కడ కెప్టెన్ రీడ్ కింద మన్రో శిస్తు పనిలో చేరినాడు. జమీందారును, మధ్యవర్తిని పక్కన పెట్టి రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే పద్ధతి ఆయనకు అక్కడే పట్టుబడింది. దానికే తర్వాత రైత్వారీ అని పేరు వచ్చింది.

1800 అక్టోబరులో నిజాం ప్రభువు బళ్ళారి, అనంతపురం, కడప, ఆదోని ప్రాంతాలను కంపెనీకి దత్తం చేసినాడు. అందుకే వీటికి దత్తమండలాలని పేరు. మన ఆదోని తాలూకా అప్పుడు బళ్ళారి వైపున వుండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆంధ్రలోకి వచ్చి కర్నూలు జిల్లాలో కలిసింది. మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా వున్నాడు. ఆయన వచ్చేనాటికి ఈ సీమ దెబ్బ మీద దెబ్బ తిని వుంది. 1786లో టిప్పు ఆదోని కోటను పట్టుకున్నాడు. 1791–92లో కరువు. పైన ఎనభై మంది పాలెగాళ్ళు, వాళ్ళ వెనక దండులు. దండు పోయిన దారిలో మొదట మాయమయ్యేది రైతు ఎద్దులే. బండికి కట్టుకుపోయేవాళ్ళు కొందరు, కోసుకు తినేవాళ్ళు కొందరు.

మన్రో పాలెగాళ్ళను అణిచినాడు. ఇది అందరూ చెప్పేదే. అయితే రైతును కూడా అణిచినాడన్నది మనం మరిచిపోరాదు. 1801లో తెర్నేకల్లులో శిస్తు తగవు ముదిరి ఊరివాళ్ళు తహసీల్దారును చంపినారు. కంపెనీ సైన్యం ఊరి కోట మీదికి వచ్చింది. మొదటిసారి దెబ్బతిని వెనక్కు పోయింది. తర్వాత పెద్ద బలగంతో వచ్చి కోటను పట్టుకుని నాయకుడు గౌడప్పను ఉరితీసింది. మన్రోను రైతుబంధువని పొగిడేవాళ్ళు ఈ తెర్నేకల్లును కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

ఆ తర్వాత 1802లో నలుగురు గుమాస్తాలతో భూముల కొలత మొదలయింది. పోను పోను ఆ పనిలో నూరు మంది చేరినారు. 33 అడుగుల గొలుసు పట్టుకుని పొలం పొలం కొలిచినారు. ఆ గొలుసు నాలుగు వైపులా పరిస్తే ఒక గుంట, 40 గుంటలైతే ఎకరం. నల్లరేగడి ఏది, ఎర్రనేల ఏది, గరపనేల ఏది, బావి కింద ఎంత, చెరువు కింద ఎంత అని తరగతులు కట్టినారు. మన్రో ఏళ్ళ తరబడి డేరాల్లోనే బతికినాడు. ఊరూరా తిరిగి రైతులతో వాళ్ళ భాషలో మాట్లాడినాడు. ఇంత తిరిగినవాడికి ఒక సంగతి తెలియకుండా పోదు. మన సీమలో భూమిని ఎకరాల్లో చెప్పేది కచ్చేరీ. రైతు చెప్పేది కాడిలో. ఒక కాడి రైతు, రెండు కాండ్ల రైతు అనేవాళ్ళు. ఎద్దుల జత ఎంత దున్నగలదో అంతే వాడి సేద్యం. పట్టాలో ఎంత వున్నా సరే.

ఈ మాట నేటి పిల్లలకు కొంచెం విప్పి చెప్పాలి. నల్లరేగడి వానకు జిగటగా అంటుకుంటుంది, ఎండకు రాయి అయిపోతుంది. పదును వుండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే గుంటక తోలాలి, గొర్రుతో విత్తాలి. సొంత కాడి లేనివాడు పక్కవాడి కాడి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. అప్పటికి పదును పోతుంది, పైరు పోతుంది. కలుపు గడ్డి లోతుగా పాకిన చేనికైతే పెద్ద మడక కట్టి నాలుగైదు జతల ఎద్దులతో లాగించాల్సి వచ్చేది. ఎద్దు చేనికి చాకిరీ చేసేది, చేను ఎద్దును సాకేది. జొన్న కోస్తే గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. కొర్రలో పత్తి సాలు వేస్తే కొర్ర ముందు ఇంటికి వచ్చేది, కొర్రగడ్డి పశువుకు, పత్తి శిస్తుకు. కోతలైనాక కురువల గొర్రెల మందలు చేలల్లో దిగేవి. రాత్రి మంద ఆపినందుకు రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు. తెల్లవారేసరికి చేనికి ఎరువు. ఇందులో ఏ ఒక్కటి తెగినా మిగతావన్నీ కుంటుపడతాయి.

మన్రో కాలంలో రైతులకు తక్కావి అప్పులు ఇచ్చినారు. ఎద్దులు కొనడానికి, విత్తనాలకు, బావి బాగుచేసుకోవడానికి కచ్చేరీ నుంచి రూకలు ఇచ్చి పంట మీద వసూలు చేసుకోవడం. ఇది ఆయన కనిపెట్టింది కాదు. నవాబుల కాలం నుంచీ వున్న ఆచారమే. కాడి లేకుండా బీడు సాగులోకి రాదు, సాగులోకి రాకపోతే శిస్తు రాదు. ఆయన దయ అంతా ఈ లెక్కలోనే వుంది. అయినా ఆ లెక్క తప్పు కాదు. ఇంచుమించు ఎనభై ఏళ్ళ తర్వాత, 1884లో, రైతుల అప్పుల చట్టం చేసి పశువులకు, విత్తనాలకు సర్కారు అప్పును శాసనంలోకి ఎక్కించినారు. తక్కావి అనే మాట మా తండ్రుల తరం దాకా పల్లెల్లో వాడుకలో వుండింది.

శిస్తు మాత్రం తేలిక కాదు. మన్రో వున్న ఏడేళ్ళలో దత్తమండలాల వసూలు దాదాపు సగం పెరిగింది. భారం ఎక్కువయిందని ఆయనకే తెలిసింది. 1807 ఆగస్టులో, ఇంగ్లండు పోయే ముందు, పైవాళ్ళకు ఒక నివేదిక పంపినాడు. కొలతలో కట్టిన శిస్తును భూములన్నిటి మీద నూటికి 25 తగ్గించాలని, బావితోనో వంక నీళ్ళు ఎత్తిపోసుకునో సాగుచేసే భూములకు ఇంకో 8 తగ్గించాలని కోరినాడు. అట్లా తగ్గిస్తే సర్కారు వాటా పంటలో మూడోవంతు దగ్గరకు దిగుతుందని ఆయన లెక్క. రైతు తన చేతి ఖర్చుతో భూమి బాగుచేసుకుంటే ఆ లాభం రైతుకే దక్కాలి, లేకపోతే ఎవడూ బాగుచేయడన్నది అందులో అసలు సారం.

పైవాళ్ళు వినలేదు. ఆయన పోయినాక రైత్వారీని తీసేసి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చినారు. ముందు మూడేళ్ళ గుత్తలు, తర్వాత పదేళ్ళవి. గుత్తదారు ఊరిని పిండినాడు, పిండలేనివాడు తానే దివాలా తీసినాడు. మన్రో 1813లో ఇంగ్లండు పార్లమెంటు ముందు సాక్ష్యం చెబుతూ భారతదేశపు సేద్యం మంచి పద్ధతి గలదని, ఇక్కడి పనితనం తక్కువది కాదని వాదించినాడు. 1814లో తిరిగి వచ్చినాడు. 1820లో మద్రాసు గవర్నరు అయినాడు. తాను 1807లో అడిగిన తగ్గింపును దత్తమండలాల్లో అమలు చేయించింది అప్పుడే.

1827లో పదవి దిగిపోయే ముందు పాత సీమను చివరిసారి చూసిపోదామని బయలుదేరినాడు. దారిలో కలరా తగిలి జూలై 6న పత్తికొండలో చనిపోయినాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించినారు. ఆయన జ్ఞాపకార్థం పత్తికొండలో బావి తవ్వించి చెట్లు నాటించినారు.

ఇంతవరకు ఆయన చూసింది. చూడనిది కూడా చెప్పాలి. పట్టా పొలం వున్నవాడికే వచ్చింది. ఆ పొలంలో మడక పట్టిన జీతగాడికి, పశువులు కాచిన పిల్లవాడికి, కలుపు తీసిన కూలి మనిషికి ఆ గొలుసు ఒక్క గుంట కూడా కొలవలేదు. శిస్తు రూకల్లో కట్టాలి. వాన తప్పిన ఏడు రూకలు ఎక్కడి నుంచి వస్తాయి? సాహుకారు దగ్గర నుంచి, లేదంటే సంతలో ఎద్దును అమ్మగా. ఒక చేత్తో ఎద్దుకు తక్కావి ఇచ్చి, ఇంకో చేత్తో ఎద్దును అమ్మించిన వ్యవస్థ అది. దున్నని నేల శిస్తు లెక్కలో బంజరు. పశువు లెక్కలో అది మేత బీడు. ఆ రెండో లెక్క కచ్చేరీలో ఎవరూ రాయలేదు. 1876–78 కరువులో ఈ సీమలో మనుషులతో పాటు పశువులు మేత లేక గుంపులు గుంపులుగా చచ్చినాయి. తర్వాత అడవులకు చట్టాలు వచ్చినాయి, మేతకు పుల్లరి వచ్చింది. ఆ పుల్లరి మీద పోరాడే 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చినాడు.

ఈ కథ మన ఒక్కరిదే కాదు. మనం తినే సజ్జ వేల ఏళ్ళ కిందట పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. అక్కడ నైజర్, మాలి, బుర్కినాఫాసో దేశాల్లో ఫులానీ పశుకాపరులు కోత తర్వాత సజ్జ చేలల్లో మందలు ఆపుతారు, రైతులు గింజలిస్తారు. అచ్చం మన కురువల మందల మాదిరే. పొలాలు పెరిగి మేత దారులు మూసుకుపోయేసరికి రైతుకూ కాపరికీ తగవులు ముదిరి రక్తం కారేదాకా పోయింది. మన పటాన్‌చెరులో 1972లో పెట్టిన మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌కు నైజర్‌లో కూడా కేంద్రం వుంది. సీసా మూతతో కొలిచి మొక్క మొదట్లో చిటికెడు ఎరువు వేయడం, దానికి పెంట ఎరువు కలపడం, కోత రోజుల్లో పంటను గోదాములో పెట్టి దాని మీద అప్పు తీసుకుని ధర వచ్చినప్పుడు అమ్ముకోవడం — ఇట్లాంటి చిన్న రైతు పద్ధతులు అక్కడ నిలబడినాయి. అక్కడా తేలింది అదే: చేను, పశువు, ఎరువు, అప్పు నాలుగూ కలిస్తేనే చిన్న రైతు బతుకుతాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. మేము ఇరవై ఏళ్ళుగా ఈ పల్లెల్లో కూలీల సంఘం పని మీద తిరుగుతున్నాం. 2002లో బిటి పత్తి వచ్చినాక జొన్న చేలు, కొర్ర చేలు తగ్గిపోయినాయి. పత్తికట్టె పొయ్యిలోకి పనికొస్తుంది గాని గాడిలోకి పనికిరాదు. చొప్ప వామి లేని ఇంట్లో ఎద్దు నిలవదు. ఎద్దు లేదు కాబట్టి ట్రాక్టరు బాడుగ, పెంట లేదు కాబట్టి ఎరువుల మూటలు, రెండింటికీ అప్పు. కోసిగి వైపు ఒక ఊళ్ళో మీటింగు పెట్టినప్పుడు ఒక అక్క తన సంగతి చెప్పింది. ఎకరన్నర మెట్ట. మొగుడూ పెళ్ళాం సుగ్గికి గుంటూరు పోయి మిరపకాయలు కోస్తే గాని అప్పు తీరదు. పోయేటప్పుడు పశువులను ఎవరు మేపుతారని రెండు ఎనుములనూ ఎమ్మిగనూరు సంతలో వచ్చిన కాడికి అమ్మేసినారు. తిరిగి వచ్చినాక కొనడానికి రూకలు లేవు. అది జరిగి నాలుగేళ్ళయింది, ఇంటి ముందర కట్టుగుంజ ఇంకా అట్లాగే వుంది.

2016 నుంచి సర్కారు ప్రకృతి సేద్యం చేయమంటోంది. మంచిదే, మేము వద్దనడం లేదు. దానికి పేడ కావాలి, పేడకు పశువు కావాలి, పశువుకు మేత బీడు కావాలి. ఆ బీడు ఎవరి కబ్జాలో వుందో ముందు తేల్చాలి.

మన్రోను దేవుణ్ణి చేయనక్కరలేదు, దయ్యాన్నీ చేయనక్కరలేదు. కంపెనీ ఖజానా నింపడానికి వచ్చిన మనిషికే కాడి లేని రైతు రైతు కాడని అర్థమయింది. ఓట్లు అడిగి గద్దె ఎక్కినవాళ్ళకు అర్థం కాకపోతే మనమే అర్థం చేయించాలి. ప్రతి ఊళ్ళో మేత పోరంబోకును కొలిపించి హద్దురాళ్ళు వేయించాలి. పశువుల అప్పు పట్టా చూసి కాదు, కష్టం చూసి ఇవ్వాలి. కౌలుదారుకూ కూలి ఇంటికీ అందాలి. జొన్నకు, కొర్రకు, సజ్జకు గిట్టుబాటు ధర ఇచ్చి కొంటే చొప్ప దానంతట అదే ఇంటికి వస్తుంది. సుగ్గికి పోయే ఇళ్ళ పశువులకు ఊళ్ళోనే మేత, కాపలా ఏర్పాటు కావాలి. వచ్చే గ్రామసభల్లో మొదట పోరంబోకు లెక్క అడుగుదాం. గొలుసు ఈసారి మన చేతిలో వుండాలి.