ఒడి నిండిన అవ్వ

ధ్యానభాగము: రూతు 1–4 అధ్యాయములు



గ్రామ సంఘములలో సమాధి ఆరాధనలు జరిపించునప్పుడు మేమొక సంగతి గమనించుచున్నాము. ఊరి పెద్ద చనిపోయినయెడల, ఆయన కట్టించినవి, ఇచ్చినవి చెప్పుటకు పలువురు లేతురు. మనుమలను పెంచి, రోగులకు గంజి కాచి పోసి, పురిటి ఇండ్లలో రాత్రులు మేలుకొనిన అవ్వ చనిపోయినయెడల, మంచి మనిషి అని ఒక మాట చెప్పి కూర్చుందురు. పరిశుద్ధ గ్రంథము అట్లు చేయలేదు. అట్టి ఒక అవ్వ జీవితమును నాలుగు అధ్యాయములలో మనకు వ్రాసియిచ్చెను. ఆ పుస్తకమునకు కోడలి పేరు పెట్టబడెను గాని, అది అత్తయైన నయోమి దుఃఖముతో మొదలై ఆమె ఒడిలోని బిడ్డవరకు నడచును.

అవి న్యాయాధిపతులు ఏలిన దినములు, క్రీస్తు పుట్టుటకు సుమారు 1100 ఏండ్లు ముందు. బేత్లెహేము యెరూషలేమునకు దక్షిణముగా 8 కిలోమీటర్ల దూరమున కొండమీదనున్న ఊరు. ఆ పేరునకు రొట్టెల ఇల్లు అని అర్థము. అట్టి ఊరిలోనే రొట్టె కరవాయెను. ఎలీమెలెకు తన భార్యయైన నయోమిని, మహ్లోను, కిల్యోను అను ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఉప్పు సముద్రమునకు తూర్పుననున్న మోయాబు దేశమునకు వలసపోయెను. నాలుగు గింజలకొరకు ఇల్లు మూసికొని పోవుట ఎట్టిదో మన పల్లెలకు వేరుగా చెప్పనక్కరలేదు.

అక్కడ నయోమి మొదట భర్తను పాతిపెట్టెను. కుమారులు మోయాబు కన్యలను పెండ్లిచేసికొనిరి. సుమారు 10 ఏండ్లు గడచినపిమ్మట వారిద్దరును సంతానము లేకయే చనిపోయిరి. ఆ కాలమున స్త్రీకి భర్త, అతని తరువాత కుమారులు ఆధారము. నయోమికి ఈ రెండును పోయెను. పరదేశములో మూడు సమాధులు, ఇద్దరు విధవ కోడండ్రు, ఇదియే ఆమెకు మిగిలినది.

స్వదేశములో ఆహారము దొరుకుచున్నదని విని ఆమె బయలుదేరెను. కోడండ్రను పుట్టిండ్లకు పొమ్మని బతిమాలెను. ఓర్పా ఏడ్చి వెళ్లెను, రూతు విడువలేదు. వారు బేత్లెహేము చేరగా ఊరంతయు కదలెను. నయోమి అనగా మధురము. ఆ పేరు తనకిక తగదనియు, చేదు అను అర్థముగల మారా అని తన్ను పిలువవలెననియు ఆమె స్త్రీలతో చెప్పెను. నిండుగా వెళ్లితిని, యెహోవా వట్టిచేతులతో తెచ్చెను అని ఆమె మొర.

ఈ భాగము చదివినప్పుడెల్ల మేము ఇక్కడ కొంతసేపు ఆగుదుము. ఆమె వట్టిచేతులతో వచ్చితినని చెప్పుచుండగా రూతు ఆమె ప్రక్కనే నిలిచియుండెను! దుఃఖము కన్నులను అంతగా మూయును. అయినను దేవుడు ఆమెను గద్దింపలేదు. ఆమె చేదు మాటలను గ్రంథములోనుండి కొట్టివేయింపలేదు. ఆయన ఆమెతో వాదింపక, యవలకోత ప్రారంభములో ఆమెను ఇంటికి తెచ్చెను.

కోతలో రాలిన పరిగెను పరదేశికిని, తండ్రిలేనివానికిని, విధవరాలికిని విడువవలెనని ధర్మశాస్త్రము. రూతు పరదేశియు విధవరాలును. ఆమె బోయజు చేనిలో సాయంకాలమువరకు ఏరి దుళ్లకొట్టగా దాదాపు తూమెడు యవలాయెను. అది మన కొలతలో సుమారు 20 లీటర్లు. ఆ యవలను చూచి నయోమి నోట చాల దినములకు స్తోత్రము వచ్చెను. తరువాత ఆమె తన దుఃఖమును ప్రక్కనబెట్టి, కోడలికి ఒక నెమ్మదిగల ఇల్లు ఎట్లు కుదురునా అని తలపోసెను. ఆమె మారిన చోటు ఇదియేయని మా తలంపు. తన ఇల్లు కూలినది, అయినను వేరొకరి ఇల్లు కట్టుటకు పూనుకొనెను.

బోయజు బంధుధర్మము చొప్పున ఊరి గవినియొద్ద పదిమంది పెద్దల యెదుట ఎలీమెలెకు పొలమును విడిపించి, రూతును పెండ్లాడెను. వారికి ఓబేదు పుట్టెను. బోయజు ఎలీమెలెకు బంధువు, రూతు మోయాబు స్త్రీ. ఆ బిడ్డ నయోమి కుమారునికి పుట్టినవాడు కాడు. అయినను ఇరుగుపొరుగు స్త్రీలు నయోమికి కుమారుడు పుట్టెనని చెప్పుకొనిరి. ఆమె వానిని కౌగిట తీసికొని వానికి దాది ఆయెను. దాదికి అక్కడ వాడబడిన హెబ్రీ పదమును, మనము ప్రార్థన చివర పలుకు ఆమేన్ అను పదమును ఒకే ధాతువునుండి వచ్చినవి. స్థిరముగా ఆనుకొనదగినది అను భావము రెంటిలోను ఉన్నది. బిడ్డ తల ఆనుకొను రొమ్ము అది. వట్టిచేతులని మొరపెట్టినదానికి దేవుడు చేతినిండ బిడ్డను, బిడ్డతోపాటు పనిని ఇచ్చెను.

ఓబేదు యెష్షయిని కనెను, యెష్షయి దావీదును కనెను. మత్తయి వ్రాసిన వంశావళిలో రూతు పేరున్నది, నయోమి పేరు లేదు. ఆమె మరణమును గూర్చి గ్రంథము చెప్పదు. అయినను ఆమె ఊచి నిద్రబుచ్చిన బిడ్డ వంశములోనే, ఆ బేత్లెహేములోనే, లోకరక్షకుడు పుట్టెను.

కాబట్టి ప్రియులారా, మీ వీధిలో చేదు మాటలాడు ముసలి విధవరాలు ఉన్నయెడల ఆమెను గద్దింపకుడి. రూతువలె ఆమె ప్రక్కను నిలువుడి. ఆమె ఒడిలో ఒక బిడ్డను ఉంచుడి. బిడ్డలులేని అవ్వలారా, మీ రక్తము కాని బిడ్డకును మీరు అవ్వలు కావచ్చును. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు మన నర్సు కుమార్తెలారా, మీ పేరు ఏ పట్టీలోను చేరకపోయినను మీ పని ప్రభువు ఎదుట నున్నది. ఈసారి మన సంఘములో ఒక అవ్వను సమాధి చేయు దినమున, ఆమె ఎవరెవరిని ఎత్తి పెంచెనో లేచి పేరుపేరున చెప్పుదము. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.