ద్వారం వేంకటస్వామి నాయుడుగారు

ఈ సంచికలో మేము వ్రాయదలచినది బెంగుళూరు నగరమున జన్మించి, ఆంధ్రదేశమున పెరిగి, ఫిడేలు వాద్యమునకు మిక్కిలి గౌరవమును సంపాదించిన ఒక మహనీయుని చరిత్రము. మన వర్తూరు ఒకప్పుడు ఆ నగరమునకు ఎడముగానున్న గ్రామము. నేడు నగరములోనే కలిసిపోయినది. కావున ద్వారం వేంకటస్వామి నాయుడుగారిని మన యూరివారని చెప్పుకొనుటకు మాకు కొంత చనువు కలదు.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు జన్మించిరి. తండ్రిగారు సైన్యమున ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణ ప్రాంతమున గడచెను. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే వారికి తొలి గురువు. చిన్ననాటినుండియు నాయుడుగారికి దృష్టిమాంద్యము ఉండెను. పుస్తకమును చూచి నేర్చువారికి ఇది పెద్ద విఘాతమే. అయితే మన సంగీతము ముఖ్యముగా చెవితో గ్రహించి నేర్చునట్టిది. గురువు పాడగా విని, విన్నదానిని వ్రేళ్ల కొసలకు తెచ్చుకొనవలెను. కన్ను చేయలేని పనిని చెవి చేసెను. ఆ చెవికి ఎంత సాధన చేయించిరో వారి వాద్యమును విన్నవారికి తెలియును.

ఫిడేలు మనదేశపు వాద్యము కాదు. యూరపునుండి వచ్చిన దీనిని సుమారు 200 ఏండ్ల క్రిందట ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అభ్యసించి, కర్ణాటక సంగీతమునకు అనువుగా మార్చిరి. పాశ్చాత్యులు నిలువబడి గాని కుర్చీపై గాని కూర్చుండి, వాద్యమును గడ్డము క్రింద నుంచి వాయింతురు. అక్కడ రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక సెల్లో కలసి నలుగురు వాయించు పద్ధతియు కలదు. ఎవరు ఏ స్వరమును వాయింపవలెనో కాగితముపై ముందే వ్రాసియుండును. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు కొసను కుడి పాదముపై ఆనించి, నాలుగు తీగలను షడ్జ పంచమములకు శ్రుతి చేసికొందురు. కాగితము ఉండదు. గాయకుడు ఇప్పుడు ఏమి పాడునో ప్రక్కనున్న ఫిడేలు విద్వాంసునకు ముందుగా తెలియదు. వినుచునే వెంబడింపవలెను. ఆ కారణముననే కాబోలు, ఈ వాద్యమును చాలకాలము పాటకు పరిచారికగానే ఎంచిరి. ఇది అన్యాయమని మా యభిప్రాయము.

విజయనగరమున 1919లో మహారాజావారు సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఇరువదియారేండ్లైనను నిండకముందే నాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులైరి. 1936లో దాసుగారి తరువాత అధ్యక్ష పదవియు వారికే లభించెను. మన పిల్లలందరెరిగిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ కళాశాల విద్యార్థియే.

1938లో వేలూరునందు నాయుడుగారు గాయకుడు లేకుండ ఫిడేలు కచేరి చేసిరి. ఇందులోని కష్టమును మేము కొంత వివరింపవలెను. త్యాగరాజస్వామివారి కృతి తెలుగు మాటలతో అల్లినది. గాయకుడు లేనప్పుడు మాట లేదు. అయినను శ్రోతకు మాట వినబడవలెను. దీర్ఘాక్షరమున్నచోట కమాను నిడివిగా సాగవలెను; పదము విరిగినచోట కమాను తిరుగవలెను. నాయుడుగారి కమాను నిడుపైనది, నాదము మృదువైనది. పాశ్చాత్య విద్వాంసుల వాద్యమును వారు శ్రద్ధతో వినిరి; కమాను నడిపించుటలోని నేర్పును అందుండియు గ్రహించిరి, గమకమును మాత్రము మనదిగానే నిలుపుకొనిరి.

వారి వాద్యము గ్రామఫోను పలకలకును ఎక్కెను. ఆనాటి పలక నిమిషమునకు 78 మారులు తిరిగెడిది. ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషముల సంగీతమే పట్టెడిది. కచేరిలో అరగంట సాగు రాగమును మూడు నిమిషములలో ఇమిడ్చి, రాగస్వరూపము చెడకుండ చూపవలెను. పొరపాటు వచ్చిన దిద్దుటకు వీలులేదు. మరల మొదటినుండి వాయింపవలసినదే. విశాలమైన చెరువును చెంబులో చూపుమన్నట్లుండును గదా! అయినను ఆ పలకల మూలముననే కచేరికి పోలేని దూరపు గ్రామములవారికిని వారి నాదము వినబడెను.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదమునిచ్చిరి. 1952లో భారతదేశమునకు వచ్చిన ప్రసిద్ధ వైలినిస్టు యెహుది మెనూహిన్, మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట వీరి వాద్యమును విని మిక్కిలి మెచ్చుకొనిరి. ఫిడేలు పుట్టిన పడమటి దేశములలో పెరిగిన విద్వాంసుడు, అదే వాద్యము మరియొక భాషలో పలుకుట విని ఆశ్చర్యపడుట వింత గాదు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వచ్చెను. 1964 నవంబరు 25న నాయుడుగారు స్వర్గస్థులైరి. వారి శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖవారు వారి పేరిట బిళ్లను వెలువరించిరి.

ఆ పాత పలకలలోని వాద్యమును నేడు కంప్యూటరుపైనను వినవచ్చును. తల్లిదండ్రులు ముందుగా ఒక త్యాగరాజ కృతి పల్లవిని ఇంట పాడియో చదివియో వినిపించినచో, పిల్లలు పిదప నాయుడుగారి ఫిడేలును విని, ఏ యక్షరమువద్ద కమాను తిరిగినదో కనిపెట్టవచ్చును.