సహపంక్తిని కోరిన బిషప్ అజరయ్య



పాతబస్తీలో రంజాన్ సాయంత్రం ముస్లిం స్నేహితుల ఇంటికి వెళ్ళినవారు దస్తర్‌ఖాన్ చూసే ఉంటారు. నేలమీద పొడవాటి గుడ్డ పరచి ఇంటివారు, వచ్చినవారు కలిసి కూర్చుంటారు. ఒకే పళ్ళెంలో నలుగురూ చేయి పెడతారు. మనం పరాయివారమన్న తలంపు అక్కడే పోతుంది. మరి ఆదివారం మన దేవాలయానికి కొత్తగా వచ్చి చివరి వరుసలో కూర్చున్న కుటుంబానికి అలా అనిపిస్తున్నదా?

ఈ ప్రశ్న వేసుకునే ముందు ఒక మహనీయుని జీవితం తెలుసుకుందాం. ఆయన మన కతోలిక శ్రీసభకు చెందినవారు కారు. కాని నాటి నిజాం రాజ్యంలో, మన తెలుగువారి మధ్య, క్రీస్తు కోసమే బ్రతికారు. ఆయనే దోర్నకల్ ఆంగ్లికన్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న ఆయన జన్మించారు. తండ్రి ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. 1902లో సింహళంలోని జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో సువార్త సేవకులను దూరప్రాంతాలకు పంపడం చూశారు. మనవారు ఆ పని చేయడం లేదే అని సిగ్గుపడ్డారు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఎంచుకున్న పొలం దోర్నకల్.

ఇతరులను పంపి తాను ఇంట కూర్చోవడం ఆయన మనసుకు నచ్చలేదు. 1909లో గురుపట్టం పొంది, మంచి ఉద్యోగం వదలి, తానే దోర్నకల్ చేరారు. గుడారంలో కాపురం పెట్టి, చిన్నపిల్లవానిలా తెలుగు నేర్చుకున్నారు. పరాయి ఊరిలో పరాయివాడుగా ఉండడమంటే ఏమిటో ఆయనకు అనుభవంలోనే తెలిసింది.

1910లో స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. నిండుసభలో అజరయ్య లేచి, ఎవ్వరూ ఎత్తడానికి ఇష్టపడని సంగతి ఎత్తారు. విదేశీ మిషనరీలు మన దేశానికి ధనమిచ్చారు, చెమటోడ్చారు, ప్రాణాలు సైతం అర్పించారు. అందుకు కృతజ్ఞత తెలిపారు. కాని భారతీయ సేవకునితో కరచాలనం చేసినంత తేలికగా అతనిని ఇంటికి పిలిచి భోజనం పెట్టరని చెప్పారు. తమకు కావలసింది స్నేహమని వేడుకున్నారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలవంచుకున్నారు. ఆ మాట మాత్రం నేటికీ మరుగున పడలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. కొందరు విదేశీయులు దానికి అభ్యంతరం చెప్పారు. మన దేశపు క్రైస్తవులలోనూ వద్దన్నవారు ఉన్నారు.

పాఠకులారా, ఇక్కడొక సంగతి గమనించండి. ఎడింబరోలో ఇతరులను అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆయన తన విశ్వాసులనే అడగవలసి వచ్చింది. ఆయన సభలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరు వారిని వెలివాడలకు నెట్టింది. ఆ నొప్పి ఎరిగినవారే జ్ఞానస్నానం పొందిన తరువాత కూడా ఒకరితో ఒకరు కలిసి భోజనం చేసేవారు కారు. ప్రభువు బల్లవద్ద ఒక్కటై, ఇంటికి వెళ్ళాక వేరైతే ఎలా? అందరూ సహపంక్తిని కూర్చోవాలని అజరయ్య పట్టుబట్టారు. ఆ భేదాలు ఆయన జీవితకాలంలో పూర్తిగా పోలేదు. అయినా ఆయన విసిగి విడిచిపెట్టలేదు. జ్ఞానస్నానం పొందినవారు తమ తలమీద చేయి ఉంచుకొని సువార్త చాటుతామని ప్రమాణం చేసేవారు. చదువురాని కూలివాడు కూడా సభలో అతిథి కాడు, ఇంటివాడే అని ఆ ఆచారం నేర్పింది. 1941 నాటికి ఆ మేత్రాసనంలో విశ్వాసులు 2 లక్షలు దాటారు.

కాజీపేట నుండి విజయవాడ వెళ్ళే దారిలో దోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఈసారి అక్కడ దిగి ఆయన కట్టించిన ప్రధాన దేవాలయాన్ని చూడండి. మన ప్రాంతపు గుళ్ళలో ఉండేటటువంటి స్తంభాలు, మన చార్మినార్‌ను తలపించే గుమ్మటాలు, మీనారులు కనిపిస్తాయి. ఈ నేలమీది వారెవరికీ అది పరాయి ఇల్లుగా తోచకూడదని ఆయన ఆశ. యుద్ధం వల్ల, డబ్బు లేమి వల్ల నిర్మాణానికి పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, ప్రతిష్ఠ జరిగింది. దూరదేశస్థులు బాలయేసును దర్శించిన పండుగ అది. అంతకంటె తగిన రోజు ఏముంది?

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు సంఘాలు ఏకం కావాలని ఆయన ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానిని చూడడానికి ఆయన లేరు.

2022లో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు మనమంతా పండుగ చేసుకున్నాం. దళితులలో నుండి కార్డినల్ అయిన మొదటివారు వారు. సంతోషమే. కాని మన విచారణలో పెళ్ళిమాట వచ్చినప్పుడు ముందు అడిగేది ఏమిటి? ఎవరి ఇంట మనం మంచినీళ్ళు తాగి లేస్తాం, ఎవరి ఇంట విస్తరి వేస్తే కూర్చుంటాం? ఈ లెక్క ఎవరికి వారు చూసుకోవాలి.

దేవాలయ గుమ్మంలో దండం పెట్టడం మంచిదే. అజరయ్య గారు అడిగింది మాత్రం అంతకంటె కాస్త ఎక్కువ. వచ్చే ఆదివారం పూజ ముగిశాక, గుంటూరు నుండో నల్గొండ నుండో బ్రతుకుతెరువుకు వచ్చి ఇంకా ఎవరూ పలకరించని కుటుంబం ఒకటి మీ కంట పడుతుంది. పేరు అడగండి. మధ్యాహ్నం భోజనానికి పిలవండి. వారు పిలిస్తే మీరూ వెళ్ళండి.

ప్రభువు మనకట్టి మనసు దయచేయుగాక.