దారుల లెక్క తేల్చిన ఆయిలర్

బొగ్గు వ్యాగన్ల రాకపోకలను నిత్యమూ చూసే మందమర్రి వారమైన మనకు, దారి ఎంచుకోవడం కూడా గణితమేనని నిరూపించిన లియొనార్డ్ ఆయిలర్ జీవితం తెలియదగినది.

ఆయన 1707లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒక మతగురువు ఇంట జన్మించారు. 1727లో రష్యా వెళ్లి సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తులో చేరారు. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో నదిపై గల 7 వంతెనలను ఒక్కొక్కసారి మాత్రమే దాటుతూ ఊరంతా తిరగగలమా అన్న చిక్కుప్రశ్న ఆయన వద్దకు వచ్చింది. ఇది గణితానికి సంబంధించినది కాదని తలచినా, ఆయన దానిని విడిచిపెట్టలేదు. మధ్యలో తగిలే ప్రతి చోటికి రావడానికొకటి, పోవడానికొకటి చొప్పున వంతెనలు జతలుగా ఉండాలి. బేసి సంఖ్య మొదటి, చివరి చోట్లకే చెల్లుతుంది. అక్కడ నాలుగు నేలభాగాలకూ బేసియే. కనుక అట్టి దారి లేదని 1735లో తేల్చారు.

స్టేషన్లను బిందువులుగా, పట్టాలను గీతలుగా భావించి, తమంతట తాము నడిచే నగర వాహనాలకు దారి నిర్ణయించే నేటి పద్ధతులకు అదే పునాది.

1738 నాటికి ఆయనకు కుడికన్ను పోయింది. 1766 తరువాత రెండవదీ దాదాపు పోయింది. అయినను మనసులోనే లెక్కించి, ఇతరుల చేత వ్రాయిస్తూ, 1783లో మరణించేవరకు కృషి సాగించారు.

నేల క్రింది చీకటిలో శ్రమించే వారి బిడ్డలమైన మనకు ఆ దీక్ష ఆదర్శం కావాలి.